తిరుపతి ఇళ్లలో చార్‌కోల్ గోడ: ఏ గదికి, ఏ షేడు, ఏ ఫినిషింగ్?

పెయింటు షాపులో షేడ్ కార్డు చివరి పేజీలకు వచ్చేసరికి ఇంట్లోవాళ్లు రెండు జట్లవుతారు. "నలుపా? ఇంట్లోనా?" అని కార్డు మూసేసే జట్టు ఒకటి. ఫోన్‌లో దాచుకున్న ఫొటో చూపించి, హాలంతా ఇదే కొట్టించేద్దాం అనే జట్టు ఇంకొకటి. ఇద్దరిదీ తొందరపాటే. చార్‌కోల్, అంటే బొగ్గులాంటి ముదురు గ్రే, మంచి రంగే, కానీ క్రీమ్ రంగులాగా ఎక్కడ కొట్టినా సర్దుకుపోయే రకం కాదు. గదిలో వెలుతురు ఎంత, గోడలో చెమ్మ ఎంత, స్విచ్ బోర్డు ఎక్కడుంది, మేస్త్రీ చెయ్యి ఎలాంటిది, అన్నీ అందులో బయటపడతాయి. అందుకని రంగు నచ్చిందా లేదా అన్న వాదన పక్కనపెట్టి, ముందు ఏ గోడకు అన్నది తేల్చుకోవాలి. అది తేలితే షేడు, ఫినిషింగ్, ఖర్చు చాలావరకు వాటంతటవే తేలతాయి.

రంగు ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో చెప్పడానికి పెయింటు కంపెనీలు ఎల్‌ఆర్‌వీ అనే కొలత వాడతాయి. సున్నా అంటే పూర్తి నలుపు, 100 అంటే పూర్తి తెలుపు. మన ఇళ్లలో కొట్టే తెలుపు, ఆఫ్‌వైట్ రంగులు సుమారు 75 నుంచి 90 దాకా ఉంటాయి. చార్‌కోల్ షేడ్లు ఎక్కువగా 5 నుంచి 12 మధ్య పడతాయి. అంటే గోడ మీద పడిన వెలుతురులో దాదాపు పదో వంతు మాత్రమే గదిలోకి తిరిగొస్తుంది. నాలుగు గోడలకూ కొడితే, నిన్నటిదాకా ఒక్క ట్యూబ్‌లైటుతో సరిపోయిన గదిలో ఇవాళ పేపరు చదవాలన్నా లైటు కిందికి జరగాల్సి వస్తుంది. ఒక్క గోడకే కొడితే మిగతా మూడు గోడలు, సీలింగు ఆ లోటు పూడుస్తాయి.

నాలుగు గోడలా, ఒకటా, సగమా?

నాలుగు గోడలూ చార్‌కోల్ అనేది ఎక్కువగా రాత్రిపూట వాడే గదికే నప్పుతుంది. ప్రొజెక్టరు పెట్టుకుని సినిమాలు చూసే గది విడిగా ఉంటే అక్కడ నిస్సందేహంగా కొట్టించొచ్చు. తెర మీంచి వచ్చే వెలుతురు ముదురు గోడలకు తగిలి మళ్లీ తెర మీద పడదు కాబట్టి బొమ్మ తేటగా కనిపిస్తుంది. నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ల బెడ్‌రూముకు కూడా బాగుంటుంది.

హాలు మొత్తం చార్‌కోల్ చేయడం మాత్రం నాకు నచ్చదు. మన హాలు ఒక్క పనికి పుట్టింది కాదు. పిల్లల హోంవర్కు, పెద్దవాళ్లు చేటలో బియ్యం పోసుకుని రాళ్లేరుకోవడం, సాయంత్రం చిక్కుడుకాయలు ఒలవడం అన్నీ అక్కడే. పైగా తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి వచ్చే చుట్టాలు తప్పరు. తెల్లారుజామున మూడింటికి ఎవరో లేచి బ్యాగు సర్దుకుంటుంటారు, ఇంకెవరో ఆధార్ కార్డు వెతుక్కుంటుంటారు. అలాంటి గదికి వెలుతురే ముఖ్యం. కోర్లగుంట, బైరాగిపట్టెడ లాంటి పాత పేటల్లో గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్లలో, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ కనిపించే హాళ్లలో, ఈ ఆలోచనే వద్దు.

ఎక్కువమందికి పనికొచ్చేది ఒక్క గోడే. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మంచిది. వెలుతురు నేరుగా పడుతుంది కాబట్టి అందులోని అసలు ఛాయ తెలుస్తుంది. కిటికీ ఉన్న గోడకే కొడితే, చుట్టూ చీకటి, మధ్యలో మిరుమిట్లు. కళ్లకు శ్రమ తప్ప ఏమీ మిగలదు. టీవీ వెనక గోడకు కొడితే ఇంకో లాభం ఉంది: టీవీ ఆపినప్పుడు ఆ నల్ల పలక గోడలో కలిసిపోతుంది, కింద వేలాడే వైర్లు కూడా అంతగా కంటికి ఆనవు. కిటికీకి సరిగ్గా ఎదురుగా టీవీ పెట్టినవాళ్లు మాత్రం తెరలో కిటికీనే చూస్తారు. అది రంగు తెచ్చిన తంటా కాదులెండి, టీవీ పెట్టిన చోటుది.

గోడ ఎంచుకునేటప్పుడు దాని మీద ఏమేం ఉన్నాయో ఒకసారి నిలబడి చూడండి. తెల్ల ఏసీ, తెల్ల స్విచ్ బోర్డు, ట్యూబ్‌లైటు పట్టీ, కేబుల్ వైరు కోసం కొట్టిన ప్లాస్టిక్ కేసింగ్, ఇవన్నీ క్రీమ్ గోడ మీద ఎవరికీ కనిపించవు. చార్‌కోల్ మీద ఒక్కొక్కటీ అచ్చు వేసినట్టు కనిపిస్తుంది. బోర్డు ప్లేట్లు గ్రే రంగువో నలుపువో మార్చుకోవచ్చు, కేసింగ్‌కు గోడ రంగే పూయొచ్చు. ఏసీని మాత్రం ఏమీ చేయలేం. అందుకే ఏసీ ఉన్న గోడను వదిలేయమంటాను. బెడ్‌రూములో మంచం తలాపు వైపు గోడకు ఏసీ లేకపోతే చార్‌కోల్‌కు అంతకంటే అనువైన గోడ ఇంట్లో ఇంకొకటి ఉండదనే నా నమ్మకం. పడుకున్నప్పుడు అది మన కంటి ముందు కూడా ఉండదు. గదిలోకి వస్తున్నప్పుడే కనిపిస్తుంది.

సగం గోడ పద్ధతి మనకు కొత్తేం కాదు. పాత బడుల్లో, ఆసుపత్రుల్లో కింద నాలుగడుగుల దాకా ముదురు ఆయిల్ పెయింటు, పైన సున్నం ఉండేది. చేతులు, చెప్పులు, బెంచీలు తగిలే చోటు అది. ఇప్పుడు అదే పద్ధతిలో కింద మూడున్నర నాలుగడుగులు చార్‌కోల్, పైన ఆఫ్‌వైట్ కొట్టిస్తే మెట్ల దారికి, భోజనాల బల్ల ఉన్న చోటుకు అందంగా ఉంటుంది, గది వెలుతురూ పెద్దగా తగ్గదు. గ్రౌండ్ ఫ్లోర్‌లో వద్దు, కారణం చెమ్మ దగ్గర చెబుతాను.

సీలింగుకు చార్‌కోల్ గురించి ఒక్క మాట: పదడుగుల స్లాబుకు వద్దు.

షేడు: నాలుగు రకాల చార్‌కోల్

కార్డులో పక్కపక్కన చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. గోడకెక్కాక ఒకటి నీలంగా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి గోధుమగా, ఇంకొకటి కాస్త ఊదాగా తేలుతుంది. తేడా పట్టుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. కార్డును తెల్ల కాగితం మీద పెట్టి, పక్కన ఉత్త నల్ల అట్టముక్క పెట్టండి. అసలు నలుపు పక్కనుంటే చార్‌కోల్‌లో దాగున్న ఛాయ బయటికొస్తుంది.

ఏది కావాలన్నది ఇంట్లో ఇప్పటికే ఉన్న వస్తువులు చెబుతాయి. టేకు తలుపులు, క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్స్ ఉన్న ఇంట్లో గోధుమ ఛాయ చార్‌కోల్ పెట్టండి. చెక్క రంగు, గోడ రంగు ఒకదానికొకటి ఒదుగుతాయి. అదే ఇంట్లో నీలం ఛాయ కొడితే తలుపులు ఎర్రగా, టైల్స్ పసుపుగా కనిపిస్తూ ఏదో తేడాగా ఉంటుంది, తేడా ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. తెల్ల మార్బుల్, గ్రే టైల్స్, స్టీలు, అద్దం ఎక్కువున్న ఫ్లాట్లకు నీలం ఛాయ నప్పుతుంది. రెడ్ ఆక్సైడ్ గచ్చు ఉన్న పాత మిద్దెలకు ఆకుపచ్చ ఛాయ చార్‌కోల్ పెట్టి చూడండి, చాలామంది ఊహించరు గానీ ఆ ఎరుపుకు ఆ పచ్చ బాగా తోడవుతుంది. కింద కడప నల్లబండలు ఉంటే మాత్రం చార్‌కోల్ జోలికి పోవద్దు. కిందా నలుపే, పక్కనా నలుపే అయితే గదికి అంచు తెలియదు. ఊదా ఛాయను నేనైతే ఎవరికీ చెప్పను. పగలు బాగుండి రాత్రి వంకాయ రంగుకు తిరుగుతుంది.

తిరుపతికి ఉత్తరాన శేషాచలం కొండలున్నాయి. కొండ కనబడాలని ఉత్తరం వైపు పెద్ద కిటికీ పెట్టుకున్న ఇళ్లు మనకు చాలా. ఆ గదుల్లోకి సూటిగా ఎండ రాదు, ఆకాశం వెలుతురే వస్తుంది, దానిలో నీలం పాలు ఎక్కువ. అక్కడ నీలం ఛాయ చార్‌కోల్ ఇంకా చల్లగా, కాస్త దిగులుగా మారుతుంది. ఆ గదికి గోధుమ ఛాయే సరి. పడమటి కిటికీ ఉన్న గదిలో సాయంత్రం ఎండ పసుపుగా పడుతుంది కాబట్టి అక్కడ నీలం ఛాయ కూడా వెచ్చగానే ఉంటుంది.

రాత్రి లైటు సంగతి పగటి కంటే ముఖ్యం, ఎందుకంటే ఇంట్లో అందరూ ఉండేది అప్పుడే. మనం అలవాటుగా కొనే తెల్ల ఎల్‌ఈడీ 6500 కెల్విన్ (లైటు రంగును చెప్పే కొలత ఇది, అంకె తగ్గేకొద్దీ లైటు పసుపుగా ఉంటుంది). ఆ లైటు కింద చార్‌కోల్ సిమెంటు గోడలా, పని మధ్యలో ఆపేసినట్టు కనిపిస్తుంది. 3000 కెల్విన్ వార్మ్ వైట్ బల్బు పెడితే అదే గోడ మెత్తటి గుడ్డలా మారుతుంది. చదువుకునే పిల్లలున్న గదిలో 4000 కెల్విన్ మధ్యేమార్గం. గోడ రంగుకు పెట్టే డబ్బులో కొంత ఆపి, ఆ గోడ మీదికి పైనుంచి పడేలా ఒకటో రెండో వార్మ్ లైట్లు పెట్టించగలిగితేనే చార్‌కోల్ వేయించండి. లైటు మార్చే ఉద్దేశం లేకపోతే మీడియం గ్రే దగ్గర ఆగిపోవడం మేలు.

తడిగా ఉన్నప్పుడు రంగు చూసి కంగారు పడొద్దు. ఎమల్షన్ ఆరాక ఇంకాస్త ముదురుతుంది. కొన్ని కంపెనీలు చిన్న శాంపిల్ డబ్బాలు అమ్ముతాయి. గోడకే పూసి చూడటం కంటే, పెద్ద డ్రాయింగ్ షీటుకు రెండు కోట్లు పూసి, ఆరాక ఆ షీటును గోడ మీద ఇటూ అటూ జరిపి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. సోఫా పక్కన పెట్టండి, తలుపు పక్కన పెట్టండి. ఒక రోజు పోతుంది, అంతే.

మ్యాటా, షీనా?

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. పూర్తి మ్యాట్‌లో చార్‌కోల్ చాలా బాగుంటుంది. వెలుతురు ఎక్కడా మెరవదు, గోడలోని ఎత్తుపల్లాలు కనిపించవు, రంగు లోతుగా ఉంటుంది. దాని బలహీనత తుడవడం. ముదురు మ్యాట్ గోడను గుడ్డతో గట్టిగా రుద్దితే ఆ చోటు నున్నబడి మెరుస్తుంది, ఆ మెరుపు మళ్లీ పోదు. మంచం తలాపు గోడ అన్నాను కదా, అక్కడే దీనికి పరీక్ష. కొబ్బరినూనె రాసుకున్న తల ఆనించి ఫోన్ చూసుకునే అలవాటు ఇంట్లో ఒకరికైనా ఉంటుంది. కొద్ది నెలలకు దిండు పైన, జానెడు ఎత్తులో, గుండ్రంగా ఒక నిగనిగలాడే మచ్చ తేలుతుంది. తుడిస్తే నూనె పోతుంది, నిగనిగ మిగులుతుంది. మంచానికి ఎత్తైన హెడ్‌బోర్డు ఉంటే ఈ గొడవే లేదు. లేకపోతే మ్యాట్ బదులు కొద్దిపాటి మెరుపున్న సాఫ్ట్ షీన్ తీసుకోండి.

సాఫ్ట్ షీన్, సాటిన్ రకాలు తడిగుడ్డకు తట్టుకుంటాయి. కానీ అవి గోడ నిజాయితీని బయటపెడతాయి. పుట్టీ సరిగా పట్టని చోటు, ఎమరీ పేపరు గీతలు, పైపు కోసం పగలగొట్టి పూడ్చిన గాడి, సాయంత్రం ఏటవాలు వెలుతురు పడగానే అన్నీ లేచి కనిపిస్తాయి. లేత రంగులో ఈ లోపాలు సగం దాగుతాయి, చార్‌కోల్‌లో దాగవు. పూర్తి గ్లాసీ మాత్రం తలుపులకు, గ్రిల్స్‌కు వదిలేయండి. గోడకు గ్లాసీ చార్‌కోల్ కొడితే అద్దంలా మెరుస్తూ లైటు బుడ్డి అందులోనే కనిపిస్తుంది.

పిల్లలు, పెద్దవాళ్లు చేతులు పెట్టే చోట సాఫ్ట్ షీన్, ఎవరూ తాకని గోడకు మ్యాట్. లగ్జరీ ఎమల్షన్లలో, ఏషియన్ పెయింట్స్ రాయల్ అయినా, డ్యూలక్స్ వెల్వెట్ టచ్ అయినా, నెరోలాక్ ఇంప్రెషన్స్ అయినా, ఫినిషింగ్‌ను బట్టి వేర్వేరు రకాలుంటాయి కాబట్టి పేరు మాత్రమే చెప్పి కొనకండి, డబ్బా మీద ఫినిషింగ్ ఏదో చదవండి. డిస్టెంపర్‌లో చార్‌కోల్ అడిగేవాళ్లూ ఉన్నారు. లేత రంగుల్లో డిస్టెంపర్‌తో కాలం గడపొచ్చు, ముదురు రంగులో చేతికి అంటుతూ, సుద్దలా రాలుతూ ప్రాణం తీస్తుంది. డబ్బు తక్కువుంటే గోడ చిన్నది చేసుకోండి గానీ పెయింటు తగ్గించకండి.

దుమ్ము విషయంలో చార్‌కోల్‌కు లేని గొప్ప అంటగడుతుంటారు, మురికి కనిపించదని. నూనె చేతులు, చెప్పుల మరకలు, అగరబత్తి పొగ తెలుపు మీద కనిపించినంతగా దీని మీద కనిపించవు, నిజమే. కానీ ఎండాకాలం కిటికీలోంచి వచ్చే సన్నటి దుమ్ము, బల్లి రెట్టలు, పిల్లల సుద్దముక్క గీతలు తెలుపులో కలిసిపోయేవి ఇక్కడ తెల్లగా తేలతాయి. మెత్తటి పొడి బ్రష్‌తో దులుపుకునే ఓపిక ఉండాలి.

చెమ్మ ఉంటే ఇంకే లెక్కా లేదు

చార్‌కోల్‌కు అసలు శత్రువు ఇదే. గోడలో చెమ్మ ఉంటే లోపలి ఉప్పు నీటితో పాటు పైకొచ్చి, నీరు ఆరాక తెల్లటి పొడిగా మిగులుతుంది. క్రీమ్ గోడ మీద ఆ పొడి ఎవరికీ పట్టదు. చార్‌కోల్ మీద పిండి చల్లినట్టుంటుంది, తుడిచినా మళ్లీ వస్తుంది. బాత్రూము వెనక గోడ, ట్యాంకు కింద గోడ, గ్రౌండ్ ఫ్లోర్‌లో నేలకు ఆనుకున్న మొదటి రెండు మూడడుగులు, వీటికి చార్‌కోల్ వద్దనడానికి కారణం ఇదే. 2021 నవంబరు వానలకు తిరుపతిలో చాలా కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. మీ ఇల్లు అందులో ఒకటైతే గోడ కింది భాగాన్ని ఇంకోసారి చూసుకోండి.

అనుమానం తీర్చుకోవడం తేలిక. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు పాలిథీన్ కవరు ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అతికించి ఒక రోజు వదిలేయండి. తీసేటప్పుడు కవరు లోపలి వైపు నీటి చుక్కలో, గోడ మీద ముదురు తడో కనిపిస్తే ఆ గోడకు ముందు వాటర్‌ప్రూఫింగ్ కావాలి, రంగు కాదు.

కాలం కూడా చూసుకోవాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో. సంక్రాంతికి ఇంటికి రంగులు వేయించడం మన ఆనవాయితీ. అంటే గోడలు నీళ్లు తాగి ఇంకా ఆరని సమయంలోనే పని మొదలుపెడతాం. లేత రంగుకు ఎలాగో గట్టెక్కుతుంది. చార్‌కోల్ గోడ ఒక్కటీ శివరాత్రి దాటేదాకా ఆపండి. మిగతా ఇల్లంతా పండగకు వేయించుకుని ఆ గోడను ప్రైమర్‌తో వదిలేసినా ఎవరూ ఏమీ అనరు. కొత్తిల్లు అయితే ఇంకా ఓపిక పట్టాలి. గృహప్రవేశం ముహూర్తం తరుముతుంటే ప్లాస్టరింగ్ ఆరీ ఆరకముందే రంగులు కొట్టేస్తారు. కొత్త సిమెంటులో తడీ, క్షారమూ రెండూ ఎక్కువ. ఒక వానాకాలం గడిచి గోడ ఏం చేస్తుందో చూశాక చార్‌కోల్ కొట్టిస్తే నిశ్చింత.

వేడి పుడుతుందా?

మన ఊళ్లో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. గది లోపలి గోడకు ఏ రంగు కొట్టినా వేడిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. ఇంట్లోకి వేడి వచ్చేది స్లాబు మీంచి, పడమటి గోడలోంచి, కిటికీలోంచి. లోపలి గోడ మీద నేరుగా ఎండ పడితే తప్ప నలుపు అదనంగా పీల్చుకోవడానికి అక్కడ ఏముంది? కాగిన గోడ లోపలికి వేడి వెదజల్లే విషయంలో కూడా తెల్ల పెయింటు, నల్ల పెయింటు దాదాపు ఒకటే.

ఇంటి బయట కథ వేరు. ఈమధ్య కొత్త ఇళ్లకు ఎలివేషన్ అంతా ముదురు గ్రే కొట్టించడం ఫ్యాషనైంది. పడమర ముఖం గోడకు అది కొడితే మధ్యాహ్నం ఎండను దాదాపు మొత్తం పీల్చుకుని రాత్రి పది దాకా గదిలోకి వదులుతూనే ఉంటుంది. పైగా ఎండకు ముదురు రంగు త్వరగా వెలిసిపోతుంది. బయట కావాలంటే ఉత్తరం వైపు, లేదా సజ్జ నీడ పడే చోట చిన్న పట్టీగా పెట్టుకోండి.

పెయింటు కాకుండా

ఇంటీరియర్ షాపులో చార్‌కోల్ అని అడిగితే ఒక్కోసారి గీతలు గీతలుగా ఉన్న పొడవాటి షీట్లు తెచ్చి చూపిస్తారు. అవి చార్‌కోల్ ప్యానెళ్లు. చెక్క రంగులో, బంగారు రంగులో కూడా ఉంటాయి. పెయింటుతో వాటికి సంబంధం లేదు. టీవీ వెనక గోడ ఎగుడుదిగుడుగా ఉండి, మళ్లీ పుట్టీ పెట్టే ఓపిక లేకపోతే ప్యానెల్ పనికొస్తుంది. గీతల మధ్య దుమ్ము పట్టడం దాని రోగం. ఖర్చు పెయింటుకు కొన్ని రెట్లు. చెమ్మ గోడను ప్యానెల్‌తో మూసేద్దామని చెప్పేవాళ్లుంటారు. చెమ్మ వెనకాలే ఉంటుంది, మీకు కనిపించదు, అంతే తేడా.

వాల్‌పేపర్ వానాకాలంలో అతుకుల దగ్గర లేస్తుంది కాబట్టి మనకు నేను చెప్పను. వార్డ్‌రోబ్ తలుపులకు చార్‌కోల్ లామినేట్ మాత్రం మంచి ఆలోచన. గోడలన్నీ లేతగా ఉంచి వార్డ్‌రోబ్ ఒక్కటే ముదురుగా ఉంటే చిన్న గదికి కూడా నప్పుతుంది. మ్యాట్ లామినేట్ మీద వేలిముద్రలు పడతాయి, హ్యాండిల్ ఉన్న తలుపు పెట్టించుకుంటే సరి.

వేరే ముదురు రంగులతో పోలిస్తే? నేవీ బ్లూ 6500 కెల్విన్ లైటుకు చార్‌కోల్ కంటే బాగా తట్టుకుంటుంది, లైట్లు మార్చలేనివాళ్లు అటు చూడొచ్చు. బాటిల్ గ్రీన్‌కు ఇత్తడి సామాను, టేకు రెండూ బాగా కుదురుతాయి. ఇంట్లో పెద్దవాళ్లు నలుపంటే ఒప్పుకోనప్పుడు దీనికి తొందరగా ఒప్పుకుంటారు. కాఫీ బ్రౌన్ మీద టేకు ఫర్నిచర్ కలిసిపోయి కనిపించకుండా పోతుంది. చార్‌కోల్‌కున్న సౌకర్యం ఏమిటంటే, రేపు కర్టెన్లు, సోఫా కవర్లు ఏ రంగుకు మార్చినా పేచీ పెట్టదు.

పెద్దవాళ్ల మాట కొట్టిపారేయాల్సిన పనిలేదు. "ఏందప్పా ఇది, గోడకు బొగ్గు పూసినట్టుండాది" అన్నాక పండగపూట ఆ ముఖాలు చూస్తూ కూర్చోలేం. వాస్తు పట్టింపు ఉన్న ఇళ్లలో ఈశాన్యం తేలిగ్గా, లేత రంగులో ఉండాలంటారు, నైరుతి బరువుగా ఉండొచ్చంటారు. దేవుడి గది, దాని చుట్టుపక్కల క్రీమ్‌కు వదిలేసి, నైరుతి బెడ్‌రూములో ఒక గోడ అడిగితే ఒప్పందం తొందరగా కుదురుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఓనరుతో ఇదంతా పెట్టుకోవద్దు. చార్‌కోల్ నుంచి తెలుపుకు తిరిగి రావాలంటే ప్రైమరు, ఆపైన రెండు మూడు కోట్లు పడతాయి, ఆ ఖర్చు అడ్వాన్సులో తెగుతుంది.

గోడ మీద ఏం పెట్టాలి?

ఈ గోడకు మన దగ్గర దొరికే అత్యుత్తమ జోడీ శ్రీకాళహస్తి కలంకారీ. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు కాబట్టి దాని నేల మీగడ రంగులో ఉంటుంది. గీతలు కసిమితో గీస్తారు, ఇనుప ముక్కలు బెల్లం నీళ్లలో ఊరేసి తీసే నలుపు అది. తెల్ల గోడ మీద ఈ గుడ్డ అంచు గోడలో కలిసిపోయి బొమ్మ వెలవెలబోతుంది. చార్‌కోల్ మీద పెడితే మీగడ రంగు వెలుగుతుంది, కసిమి గీతలు వెనక గోడ నలుపును అందుకుంటాయి, మధ్యలో ఎరుపు, పసుపు నిండుగా కనిపిస్తాయి. ఫ్రేము సన్నటి టేకు పట్టీ చాలు, నల్ల ఫ్రేము వద్దు. సూటిగా ఎండ పడే గోడకు మాత్రం పెట్టకండి, సహజ రంగులు వెలిసిపోతాయి.

చెక్క బొమ్మల విషయంలో కాస్త చూసుకోవాలి. మాధవమాల వైపు నుంచి తెచ్చుకునే చెక్క విగ్రహాల్లో లేత రంగు చెక్క, పాలిష్ తక్కువున్నవాటి చెక్కుడంతా చార్‌కోల్ ముందు స్పష్టంగా కనిపిస్తుంది. ఎర్రచందనం లాంటి ముదురు చెక్క ఆ చీకట్లో కలిసిపోతుంది. దాన్ని లేత గోడ దగ్గర పెట్టుకోండి. ఇత్తడి కుందులు, కంచు చెంబు, తంజావూరు పటంలో బంగారు రేకు, ఇవి వార్మ్ లైటు కింద చార్‌కోల్ ముందు బాగా పండుతాయి. ఒకటి రెండు పెట్టి ఆపాలి. గోడంతా నింపేస్తే రంగు వేయించిన డబ్బు దండగ.

మేస్త్రీతో మాట్లాడాల్సినవి

12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గోడ 120 చదరపు అడుగులు. పుట్టీ, ప్రైమరు సరిగా పట్టిన గోడకు మంచి ఎమల్షన్ లీటరుకు రెండు కోట్లకు ఇంచుమించు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది. చార్‌కోల్‌కు మూడో కోటు అడగండి. నలుపు కింది తెలుపును రెండు కోట్లకే దాచేస్తుంది, మూడోది రంగు సమంగా ఉండటం కోసం. కాబట్టి ఆ గోడకు ఒక లీటరు కాదు, రెండు లీటర్లు తీసుకోండి.

తెల్ల ఎమల్షన్ డబ్బాలో బ్లాక్ స్టెయినర్ కలిపి చార్‌కోల్ చేస్తానంటాడు మేస్త్రీ, ఖర్చు తగ్గుతుందని. ఒప్పుకోవద్దు. ఎంత కలిపినా అది గ్రే దగ్గరే ఆగుతుంది, రేపు టచప్‌కు అదే రంగు మళ్లీ రాదు. షాపులో మెషీన్ మీద, ముదురు రంగులకు వాడే బేస్‌లోనే (రంగు కలపకముందు ఉండే పెయింటు) కలిపించాలి. స్టెయినర్‌కు పనికొచ్చే చోటు ఒకటుంది: ప్రైమరులో కాస్త కలిపి గ్రే చేయించండి. తర్వాత కుర్చీ తగిలి గోడ గీసుకుపోతే కింద తెలుపు కనిపించదు.

కోటుకు కోటుకు మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. గోడ మొదలుపెడితే ఒక మూల నుంచి ఇంకో మూల దాకా ఆపకుండా పూర్తి చేయాలి. మధ్యలో టీకి వెళ్లి వస్తే ఆరిన అంచు మీద తడి రోలర్ ఎక్కి, నిలువుగా ఒక పట్టీ శాశ్వతంగా మిగిలిపోతుంది. ఎండాకాలంలో పొద్దున్నే పని మొదలుపెట్టించి, ఆ గదిలో ఫ్యాను ఆపేయించండి. పెయింటు త్వరగా ఆరడమే ఆ పట్టీలకు కారణం. సీలింగు అంచున మాస్కింగ్ టేపు తప్పనిసరి, తెలుపూ చార్‌కోలూ కలిసే గీత వంకర పోతే రోజూ కంట్లో పడుతుంది. పని అయిన నెలదాకా తడిగుడ్డ తగలనీయొద్దు.

తర్వాత మచ్చ పడితే ఆ మచ్చ మీదే కొంచెం పూసి వదిలేయడం చార్‌కోల్‌లో కుదరదు, చుట్టూ వలయం కనిపిస్తుంది. ఆ గోడ మొత్తం మూల నుంచి మూల దాకా మరో కోటు వేయాలి. అందుకే మిగిలిన పెయింటు గాలి పోని డబ్బాలో పోయించి ఉంచండి, డబ్బా మీద అంటించిన షేడ్ కోడ్, బేస్ పేరు ఉన్న స్టిక్కర్‌ను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. షాపువాడి కంప్యూటర్లో ఉంటుందిలే అనుకోకండి.